34 పేజీల సెటప్ పత్రం ఉన్నా కొత్తవాళ్లు అడ్డదారి ఎందుకు పడుతున్నారు?

ప్రశ్న

పేరు వెల్లడించవద్దని కోరుతూ ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ బృందంలో తొమ్మిదేళ్లుగా డెవలపర్‌గా పనిచేస్తున్నారు. బృందం వాడేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. కొత్తగా చేరినవారు దాన్ని తమ కంప్యూటర్లలోనూ, అందరూ పంచుకునే టెస్ట్ సర్వర్‌లోనూ సురక్షితంగా ఎలా ఏర్పాటు చేయాలో వివరిస్తూ నాలుగేళ్ల క్రితం ఒక పత్రం రాశారు. మొదట పదకొండు పేజీలు ఉండేది. ప్రతి తనిఖీ తర్వాత ఒక హెచ్చరిక, ప్రతి పొరపాటు తర్వాత ఒక పేరా చేరుతూ వచ్చి ఇప్పుడు 34 పేజీలైంది.

ఈ మధ్య చేరిన ఒక అమ్మాయి ఆ పత్రాన్ని ముందు పెట్టుకుని సెటప్ మొదలుపెట్టారు. డేటాబేస్‌లోకి వెళ్లబోతే ‘ఐడెంట్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్’ అని వచ్చింది. 19వ పేజీలో చెప్పినట్టు ఎవరు ఎక్కడి నుంచి ఏ పద్ధతిలో లోపలికి రావచ్చో చెప్పే పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఫైలులో పాస్‌వర్డ్ అడిగే వరుస చేర్చి, సర్వర్ చేత ఫైలును మళ్లీ చదివించారు. అదే ఎర్రర్ మళ్లీ వచ్చింది. రెండు గంటలు తంటాలు పడి, ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిన వరుసను ఫైలు పైభాగంలో అతికించారు. ఏ చిరునామా నుంచి ఎవరు వచ్చినా ‘ట్రస్ట్’ పద్ధతిలో, అంటే పాస్‌వర్డ్ అడగకుండానే, లోపలికి రానివ్వమని చెప్పే వరుస అది. వెంటనే పని జరిగింది. రెండు వారాల తర్వాత టెస్ట్ సర్వర్‌ను మళ్లీ కట్టే పని ఆమెకు అప్పగిస్తే, తన దగ్గర పనిచేస్తున్న ఫైలునే అక్కడికి కాపీ చేశారు. పది రోజుల తర్వాత జరిగిన తనిఖీలో అది బయటపడింది. సర్వర్ లోపలి నెట్‌వర్క్‌లోనే ఉండడంతో డేటా పోలేదు. కానీ మన పాఠకుడు బృందం చాట్‌లో, అందరి ముందూ, ‘పత్రం చదివి ఉంటే ఇలా జరిగేది కాదు’ అని రాశారు. ఆనాటి నుంచి ఆమె ఆయనను ఏమీ అడగడం లేదు.

టీమ్ లీడ్ ఆ పత్రాన్ని రెండు పేజీలకు కుదించమంటున్నారు. సెక్యూరిటీ చూసే సహోద్యోగి ఒక్క వాక్యం కూడా తీయవద్దనీ, పైగా కాన్ఫిగరేషన్ వివరాలు అంత బహిరంగంగా రాయడమే ప్రమాదమనీ అంటున్నారు. మరో మిత్రుడు పత్రమే అక్కర్లేదు, స్క్రిప్ట్ రాసి పడేయమంటున్నారు. వచ్చే నెల ఇంకో ఇద్దరు చేరుతున్నారు. ‘నా రాతలో లోపమా, వాళ్ల శ్రద్ధలో లోపమా? ఈ మూడింటిలో ఏది చేయను?’ అని ఆయన అడుగుతున్నారు.

సమాధానం

మీ ప్రశ్నకు జవాబు వెతికే ముందు ఆ రెండు గంటల్లో ఏం జరిగిందో కొంచెం దగ్గరగా చూద్దాం. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ఆమె పత్రం చదవకపోవడం వల్ల దారి తప్పలేదు. చదివారు, చెప్పినట్టే చేశారు, అయినా పని జరగలేదు.

పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఫైలును పోస్ట్‌గ్రెస్ పైనుంచి కిందికి చదువుతుందనీ, వచ్చిన కనెక్షన్‌కు సరిపోయిన మొదటి వరుస దగ్గరే ఆగిపోతుందనీ మీకు బాగా తెలుసు. ఆ వరుసలో చెప్పిన పద్ధతిలో ప్రవేశం దొరకకపోతే తర్వాతి వరుసను ప్రయత్నించదు. కొన్ని ప్యాకేజీలతో వచ్చే ఫైలులో 127.0.0.1 (అంటే సొంత కంప్యూటర్) చిరునామాకు ఐడెంట్ పద్ధతిని, అంటే పాస్‌వర్డ్‌కు బదులు కంప్యూటర్‌లోని యూజర్ పేరును చూసే పద్ధతిని, చెప్పే వరుస ముందే ఉంటుంది. ఆమె వేసుకున్నది అలాంటిదే. మీ 19వ పేజీ ‘ఈ వరుసను ఫైలులో చేర్చండి’ అంది. ఎక్కడ చేర్చాలో చెప్పలేదు. ఫైలులో ఏదైనా చేర్చమంటే ఎవరైనా చివరన చేరుస్తారు, ఆమె కూడా అదే చేశారు. పైనున్న ఐడెంట్ వరుస దగ్గరే సర్వర్ ఆగిపోయింది, ఆమె చేర్చిన వరుస దాకా రానే లేదు. వరుసల క్రమం గురించి మీరు 27వ పేజీలో రాశారని ఉత్తరంలో చెప్పారు. 19వ పేజీలో చేయి ఆగిపోయిన మనిషికి 27వ పేజీలో జవాబు ఉందని తెలిసే మార్గం లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె ఎర్రర్‌కు అసలు కారణం అదే సమయంలో సర్వర్ లాగ్‌లో పడి ఉంటుంది. ప్రవేశం నిరాకరించినప్పుడు పోస్ట్‌గ్రెస్ బయటి మనిషికి క్లుప్తంగా చెప్పి ఊరుకుంటుంది. ఫైలులోని ఎన్నో వరుస ఈ కనెక్షన్‌కు సరిపోయిందో లాగ్‌లో మాత్రం రాసుకుంటుంది. అపరిచితులకు ఎక్కువ చెప్పకపోవడం భద్రత దృష్ట్యా సరైన పనే. అయితే కొత్త డెవలపర్ కూడా ఆ క్షణాన ఆ సర్వర్‌కు అపరిచితురాలే. లాగ్ ఎక్కడుందో, దాన్ని ఎందుకు చూడాలో ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే ఆమె రెండు గంటలు ఐదు నిమిషాలయ్యేవి. 10వ వెర్షన్ నుంచి ‘పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్’ అనే వ్యూ కూడా ఉంది. ఆ ఫైలులో ఏ వరుసను ఎలా అర్థం చేసుకున్నదీ, ఎక్కడ తప్పుందీ సర్వరే అందులో చూపిస్తుంది.

కాబట్టి మీరు అడిగిన మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: ఆమె శ్రద్ధలో లోపం లేదు. మీ రాతలో ఉన్న లోపం కూడా నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు. ఆ పత్రం అన్నీ సవ్యంగా జరిగే మనిషి కోసం రాసినది. ఎర్రర్ వచ్చిన చోట అది మాట్లాడదు. మన పత్రం మౌనంగా ఉన్న చోట ఇంటర్నెట్‌లో దొరికే జవాబులు మాట్లాడతాయి. వాటిలో చాలా భాగం ‘ట్రస్ట్ పెట్టండి’, ‘సూపర్‌యూజర్ (ఏ అడ్డూ లేని పూర్తి అధికారం) ఇవ్వండి’, ‘అన్ని చిరునామాలకూ తెరవండి’ అనే రకం. అవి వెంటనే పనిచేస్తాయి కూడా. అలసిపోయిన మనిషికి అవి సమాధానాల్లాగే కనిపిస్తాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులను చూద్దాం.

రెండు పేజీలకు కుదించమన్న మీ టీమ్ లీడ్ మాటలో సగం న్యాయముంది. మొదటి రోజు చేసే పనికి 34 పేజీలు అక్కర్లేదు. కానీ కుదించి మిగతాది పారేస్తే పోయేవి కారణాలు. ‘అప్లికేషన్‌కు టేబుళ్ల యాజమాన్యం ఇవ్వకూడదు’ అన్న వాక్యం మిగులుతుంది. ఎందుకు ఇవ్వకూడదో చెప్పిన పేరా పోతుంది. కారణం తెలియని నియమాన్ని తొందరలో ఉన్న మనిషి మొదట తీసి పక్కన పెడతాడు. ఉదాహరణకు, టేబుల్‌లోని ఏ వరుసలు ఎవరికి కనిపించాలో నియంత్రించే రో లెవెల్ సెక్యూరిటీ పెట్టినా టేబుల్ యజమానికి అది మామూలుగా వర్తించదు. వర్తించాలంటే దాన్ని ప్రత్యేకంగా బలవంతం చేయాలి, సూపర్‌యూజర్‌కైతే అలా చేసినా వర్తించదు. ఈ సంగతి తెలియనివారు యజమాని రోల్‌తోనే, అంటే యజమాని డేటాబేస్ ఖాతాతోనే, అప్లికేషన్‌ను నడిపి, ఒకరి వరుసలు ఇంకొకరికి కనిపించవని నమ్మి నిశ్చింతగా ఉంటారు. ఇలాంటి వివరణలు మీ పత్రంలో చాలా ఉన్నాయని ఉత్తరం చదివితే తెలుస్తోంది. వాటిని పోగొట్టుకోవద్దు.

స్క్రిప్ట్ రాయమన్న మీ మిత్రుడి సలహాకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఒక పాత ఉదంతం చూడండి. 2017 జనవరిలో, పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న మోంగోడీబీ సర్వర్ల మీద వేల సంఖ్యలో దాడులు జరిగాయి. డేటాను తుడిచేసి, తిరిగి ఇవ్వడానికి డబ్బు అడుగుతూ ఒక చీటీ వదిలివెళ్లారు. ప్రవేశ నియంత్రణ ఎలా పెట్టాలో ఆ డేటాబేస్ డాక్యుమెంటేషన్‌లో అప్పటికే రాసి ఉంది. ఆ సూచనలు అన్ని సర్వర్ల దాకా చేరలేదు. అదే ఏడాది చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి, ప్రత్యేకంగా మార్చితే తప్ప సర్వర్ సొంత కంప్యూటర్ నుంచి వచ్చే కనెక్షన్లనే వినేలా చేశారు. ఎంత రాసినా చేరని చోటికి ఒక మంచి డీఫాల్ట్ చేరుతుంది. మీ బృందంలో ప్రతి ఒక్కరూ ఒకేలా చేయవలసిన అడుగులు, అంటే రోల్స్ సృష్టించడం, అనుమతులు ఇవ్వడం, పాస్‌వర్డ్ తయారుచేయడం వంటివి, పేజీలో ఉండడం కంటే స్క్రిప్ట్‌లో ఉండడమే మేలు.

అయితే పత్రమే అక్కర్లేదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. నేను ఒకప్పుడు పనిచేసిన బృందంలో సెటప్ అంతా ఒకే కమాండ్‌తో అయిపోయేది. కొత్తవాళ్లు పది నిమిషాల్లో పని మొదలుపెట్టేవారని మేమంతా గర్వపడేవాళ్లం. ఒక రోజు సర్వర్ డిస్క్ పాడై, బ్యాకప్‌ను కొత్త సర్వర్‌లో ఎక్కించవలసి వచ్చింది. ‘ఈ రోల్ లేదు’ అని వరుసగా ఎర్రర్లు వచ్చాయి. బ్యాకప్ తీసే పీజీ_డంప్ ఒక డేటాబేస్‌లోని టేబుళ్లనూ, వాటి మీది అనుమతులనూ రాస్తుంది కానీ, రోల్స్ మొత్తం సర్వర్‌కు చెందినవి కాబట్టి వాటిని రాయదు. వాటిని పీజీ_డంప్ఆల్‌తో విడిగా తీసుకోవాలి. ఆ గదిలో ఉన్న ఐదుగురిలో మా రోల్స్ ఎన్నో, ఏది దేనికో చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు, అందులో నేనూ ఉన్నాను. స్క్రిప్ట్ తెరిచి, ఒక్కో వరుస చదువుతూ, ఆ రాత్రి నేర్చుకున్నాం. స్క్రిప్ట్ చేతి పని తగ్గిస్తుంది, సంతోషమే. అది ఏం చేసిందో మనిషికి ఎక్కడో ఒకచోట చెప్పి తీరాలి.

మీరు రాయని నాలుగో దారి కూడా ఉంది, అది ప్రతి కొత్తవారి పక్కనా కూర్చుని మీరే చేయించడం. ఒకరిద్దరికైతే అంతకంటే మంచిది లేదు. మీరు సెలవులో ఉన్న వారం ఎవరైనా చేరితే మాత్రం అది ఆగిపోతుంది.

నాకైతే ఉన్నదాన్ని చదివే సందర్భాన్ని బట్టి విడదీయడం మంచిదనిపిస్తుంది. మొదటి రోజు చేతులతో చేసే పని ఒక పత్రం. ఎర్రర్ వచ్చినప్పుడు తెరిచేది మరొకటి. ‘ఇలా ఎందుకు’ అన్న వివరణలు మూడోది, మీ 34 పేజీల్లో ఎక్కువ భాగం ఇందులోకే వెళ్తుంది, ఒక్క వాక్యం కూడా పారేయనక్కర్లేదు. దీనికీ ఒక ఖర్చుంది. మూడు చోట్ల ఉన్న విషయం ఒకచోట మారి ఇంకోచోట మారకపోతే, ఒకదానికొకటి పొసగని సూచనలు తయారవుతాయి. అందుకే ఒక్కో కమాండ్ ఒక్క చోటే ఉండాలి, వివరణ పత్రం దాన్ని చూపించాలే గాని తిరిగి రాయకూడదు.

మొదటి రోజు పత్రం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అసలు కష్టమంతా అక్కడే.

అది పూర్తయ్యేసరికి ఏం నిలిచి ఉంటుందో ముందే చెప్పాలి. మూడు రోల్స్ ఉంటాయి: టేబుళ్లను సృష్టించి, మార్చే యజమాని ఒకటి, అప్లికేషన్ రోజూ వాడేది ఒకటి, చదవడానికి మాత్రమే వీలున్నది ఒకటి. అప్లికేషన్ రోల్ వరుసలను చేర్చగలదు, మార్చగలదు గాని టేబుల్‌నే తీసేయలేదు. ఈ చిత్రం మనసులో ఉంటే తర్వాత వచ్చే ప్రతి కమాండ్ ఎక్కడ అతుకుతుందో చదివేవారికి అర్థమవుతుంది. మీ పత్రంలో ఈ మూడు రోల్స్ పేర్లు మొదటిసారి కలిసి కనిపించేది 22వ పేజీలో అని మీరే రాశారు.

ప్రతి అడుగు తర్వాత ఏం కనబడాలో రాయడం చాలామంది చేస్తారు. భద్రతకు సంబంధించిన సెటప్‌లో దానితో పాటు ఏం జరగకూడదో కూడా చేయించి చూపించాలి. సాధారణ సెటప్ ‘పనిచేసింది’ అన్న చోట పూర్తవుతుంది. తలుపుకు గొళ్లెం సరిగా పడిందో లేదో తలుపు తోసి చూస్తేనే తెలుస్తుంది. పాస్‌వర్డ్ పెట్టాక, కావాలని తప్పు పాస్‌వర్డ్‌తో ఒకసారి ప్రయత్నించమనండి. ‘పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్’ అని రావాలి. చదివే రోల్‌తో ఒక వరుస చేర్చమనండి. ‘పర్మిషన్ డినైడ్’ అని రావాలి. ఆ మాట రాకపోతే అక్కడే ఆగి ఎర్రర్ల పత్రం తెరవమనండి. మీ పత్రంలో ఈ ఒక్క అడుగు ఉండి ఉంటే ఆ ట్రస్ట్ వరుస మొదటి సాయంత్రమే దొరికిపోయేది, ఎందుకంటే ట్రస్ట్ పద్ధతిలో సర్వర్ పాస్‌వర్డ్ అడగనే అడగదు. తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా లోపలికి పంపుతుంది, ఆ వరుసకు సరిపోయిన ఎవరైనా సూపర్‌యూజర్ పేరు చెప్పి కూడా లోపలికి వెళ్లవచ్చు. నిజానికి ఆమె అప్లికేషన్ సెట్టింగులలో ఉన్న పాస్‌వర్డ్ సరైనదో కాదో కూడా ఆ రెండు వారాలూ ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

పాస్‌వర్డ్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. పత్రంలో ఉదాహరణగా ఏ పాస్‌వర్డ్ రాస్తే అదే నలుగురి కంప్యూటర్లలో కనబడుతుంది, అది నా అనుభవం. ఉదాహరణే రాయవద్దు. అందరికీ ఒకటే ఇవ్వడం కంటే, ఎవరిది వారే తయారుచేసుకునే కమాండ్ ఇవ్వండి. దాన్ని పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు ఇచ్చే ప్రోగ్రామ్ పీఎస్‌క్యూఎల్‌లోని ‘\పాస్‌వర్డ్’ కమాండ్‌తో పెట్టమనండి. అలా చేస్తే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా కమాండ్ల చరిత్రలోగాని, సర్వర్ లాగ్‌లోగాని మిగలదు.

ఇక ఎర్రర్ల పత్రం. మీ సమస్యకు అసలు మందు ఇదేనని నా నమ్మకం. దీన్ని విషయాల వారీగా కాక, తెర మీద కనబడే వాక్యాల వారీగా కట్టండి. కష్టంలో ఉన్న మనిషి వెతికేది ఆ వాక్యాన్నే, కాబట్టి అక్షరం మారకుండా అదే శీర్షికగా ఉండాలి. దాని కింద కారణం, సరైన పరిష్కారం, దానితో పాటు ‘ఇంటర్నెట్‌లో మీకు దొరికే అడ్డదారి ఇది, దానివల్ల జరిగేది ఇది’ అని కూడా రాయండి. అడ్డదారి పేరెత్తకపోతే అది కనబడకుండా పోదు, మన హెచ్చరిక లేకుండా కనబడుతుంది.

మీ బృందానికి తప్పకుండా కావలసిన రెండు మూడు చెబుతాను. మొదటిది, ‘నిన్నటిదాకా పనిచేసింది, ఈ రోజు కొత్త టేబుల్‌కు పర్మిషన్ డినైడ్ అంటోంది’ అన్నది. ఒక స్కీమాలోని, అంటే డేటాబేస్‌లో టేబుళ్లను కలిపి ఉంచే ఒక విభాగంలోని, అన్ని టేబుళ్లకూ అనుమతి ఇచ్చే గ్రాంట్ కమాండ్ ఆ క్షణానికి ఉన్న టేబుళ్లకే వర్తిస్తుంది. రేపు పుట్టే టేబుల్‌కు అది వర్తించదు. దానికి ‘ఆల్టర్ డీఫాల్ట్ ప్రివిలేజెస్’ కావాలి. అది కూడా ఏ రోల్ సృష్టించే టేబుళ్లకు చెప్పామో వాటికే పనిచేస్తుంది. యజమాని రోల్ పేరు చెప్పకుండా సూపర్‌యూజర్‌గా ఉండి ఆ కమాండ్ ఇచ్చి, పనిచేయడం లేదని తలపట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను. సరిగ్గా ఇక్కడే అప్లికేషన్ రోల్‌కు సూపర్‌యూజర్ హక్కు ఇచ్చేస్తారు. సంఖ్య తనంతట తానే పడే సీరియల్ కాలమ్ ఉన్న టేబుల్‌లో వరుస చేర్చబోతే, ఆ సంఖ్యలనిచ్చే సీక్వెన్స్‌కు అనుమతి లేదని వచ్చే ఎర్రర్ దీనికి తోబుట్టువు లాంటిది, పక్కనే పెట్టండి.

రెండోది, ‘పబ్లిక్ స్కీమాకు పర్మిషన్ డినైడ్’. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి, కొత్తగా సృష్టించిన డేటాబేస్‌లో పబ్లిక్ స్కీమాలో టేబుళ్లు సృష్టించే హక్కు అందరికీ ఉండదు. పాత వెర్షన్ నుంచి పైకి తెచ్చుకున్న డేటాబేస్‌లో మాత్రం పాత అనుమతే కొనసాగుతుంది. అంటే మీ పత్రంలోని అదే కమాండ్ మీ కంప్యూటర్‌లో పనిచేసి, కొత్తగా చేరినవారి కంప్యూటర్‌లో పనిచేయకపోవచ్చు. మీరు ‘నాకు బాగానే వచ్చిందే’ అంటారు, వారు తామే ఏదో తప్పు చేశామనుకుంటారు. ఏ వెర్షన్ మీద, ఏ తేదీన, ఖాళీ కంప్యూటర్‌లో మొదటి నుంచి చివరిదాకా చేసి చూశారో పత్రం తల మీదే రాయడం ఇందుకోసమే. నాలుగేళ్ల నాటి మీ పత్రంలో పాస్‌వర్డ్‌లను దాచే పాత పద్ధతి ఎండీ5 గురించిన భాగం కూడా ఉండే ఉంటుంది. 2021లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి పాస్‌వర్డ్‌లను దాచే డీఫాల్ట్ పద్ధతి స్క్రామ్-ఎస్‌హెచ్‌ఏ-256. ఆ పేజీని ఒకసారి సరిచూడండి.

మూడోది డాకర్ (ప్రోగ్రాములను కంటెయినర్లనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడేవారికి. ‘పోస్ట్‌గ్రెస్_పాస్‌వర్డ్’ వేరియబుల్‌ను మార్చి కంటెయినర్‌ను మళ్లీ మొదలుపెట్టినా పాత పాస్‌వర్డే నడుస్తుంది, ఎందుకంటే డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే ఆ విలువను చూస్తుంది. ఇది తెలియక విసిగిపోయినవారు అదే ఇమేజ్‌లో ట్రస్ట్ పెట్టే మరో వేరియబుల్ ఉందని కనిపెడతారు. అలాగే పోర్టును ‘5432:5432’ అని రాస్తే అది కంప్యూటర్‌కు ఉన్న అన్ని నెట్‌వర్క్ చిరునామాల మీదా తెరుచుకుంటుంది. ‘127.0.0.1:5432:5432’ అని రాస్తే సొంత కంప్యూటర్‌కే పరిమితమవుతుంది. మీరిచ్చే నమూనా ఫైలులో రెండో రూపమే ఉండాలి, అప్పుడు దీని గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు.

మీ సెక్యూరిటీ సహోద్యోగి భయాన్ని తేలికగా తీసేయవద్దు. తనిఖీలో జవాబు చెప్పుకోవలసింది ఆయనే. అయినా ఆయనతో మాట్లాడేటప్పుడు ఒక మాట గుర్తుచేయండి. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ కంప్యూటర్లలో సమాచార రక్షణ గురించి రాసిన పత్రంలో ఎనిమిది సూత్రాలు చెప్పారు. అవసరమైనంత అధికారమే ఇవ్వాలన్న సూత్రం ఆయన రోజూ చెప్పేదే అయి ఉంటుంది. అదే జాబితాలో, రక్షణ అనేది రూపకల్పనను దాచడం మీద ఆధారపడకూడదన్న సూత్రం ఉంది. వాడేవారు అలవాటుగా, తేలికగా సరైన పనే చేసేలా ఆ ఏర్పాటు ఉండాలన్న సూత్రమూ ఉంది. రోల్స్ పేర్లు, ఫైలు వరుసల క్రమం తెలిసినంత మాత్రాన ఎవరూ లోపలికి రాలేరు. దాచవలసినవి పాస్‌వర్డ్‌లు, కీలు, అసలు సర్వర్ చిరునామాలు. అవి ఏ పత్రంలోనూ ఉండవని ఆయనకు మాటివ్వండి. అవి పొరపాటున, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లోకి వెళ్తే, ఆ ఫైలును తర్వాత తీసేసినా చరిత్రలో మిగిలే ఉంటాయనీ, పాస్‌వర్డ్ మార్చడమే ముందుగా చేయవలసిన పని అనీ ఎర్రర్ల పత్రంలో రాయమని ఆయననే కోరండి. ఒక పేరా తన చేత్తో రాసిన పత్రాన్ని ఆయన కాపాడతారు కూడా.

టెస్ట్ సర్వర్ సూచనలను సొంత కంప్యూటర్ సూచనలతో ఒకే పేజీలో ఉంచవద్దు. సొంత కంప్యూటర్‌లో పనిచేసిన ఫైలు సర్వర్‌కు వెళ్లడానికి ఆ రెండూ పక్కపక్కన ఉండడం కూడా ఒక కారణం. కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడం, సర్వర్ ఎవరో సర్టిఫికెట్‌తో నిర్ధారించుకోవడం వంటివి అక్కడికే చెందుతాయి, మొదటి రోజు వాటి ఊసు అక్కర్లేదు.

చివరిగా ఆమె సంగతి. మీరు ఉత్తరంలో దాన్ని రెండు వాక్యాల్లో ముగించారు గాని, అది మిమ్మల్ని బాధిస్తోందని తెలుస్తూనే ఉంది. అందరి ముందూ అన్న మాటను అందరి ముందే సరిదిద్దడం న్యాయం. ‘19వ పేజీలో వరుసను ఎక్కడ చేర్చాలో నేను రాయలేదు, అందువల్ల ఆమెకు రెండు గంటలు పోయాయి’ అని అదే చాట్‌లో రాస్తే చాలు, అంతకు మించిన వివరణ అక్కర్లేదు. అలా రాయడం వల్ల మీ పెద్దరికానికి వచ్చే లోటేమీ లేదు. రాయకపోతే వచ్చే నెల చేరే ఇద్దరికి ఆమె ఇచ్చే మొదటి సలహా ‘ఆయన్ని అడగొద్దు’ అన్నది కావచ్చు. అప్పుడు మీ పత్రం ఎంత బాగున్నా, అది ఎక్కడ మౌనంగా ఉందో మీకు చెప్పేవారు ఉండరు.

ఆ తర్వాత, ఆమెకు అభ్యంతరం లేకపోతే, ఎర్రర్ల పత్రం మొదటి రూపాన్ని ఆమె చేత రాయించండి. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న మీకు ఏది తెలియదో గుర్తుతెచ్చుకోవడం కష్టం, ఆమెకు అది ఇంకా పచ్చిగా ఉంది. మీరు సరిచూడండి. వచ్చే నెల ఆ ఇద్దరిలో ఒకరు సెటప్ చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని, నోరు విప్పకుండా, ఎక్కడ చేయి ఆగిందో, ఏ వాక్యాన్ని రెండోసారి చదివారో, ఎప్పుడు బ్రౌజర్ తెరిచారో రాసుకోండి. రెండో వ్యక్తి మొదలుపెట్టేలోపు ఆ చోట్లను సరిచేయండి. మాట్లాడకుండా కూర్చోవడం చాలా కష్టంగా ఉంటుంది, కానీ మీరు నోరు తెరిచి చెప్పిన ప్రతి మాటా పత్రంలో లేని మాటే కాబట్టి, చెప్పక తప్పనప్పుడు చెప్పి దాన్నీ రాసుకోండి.